గైబీ నగర్ చెట్టు గాయబ్ కాకముందే

భివండి నిజాంపూర్ మహానగరపాలిక వృక్ష ప్రాధికరణ అధ్యక్షులవారికి,

అయ్యా,

ఉర్దూలో 'గైబ్' అంటే కంటికి కనబడనిది. మనం రోజూ వాడే 'గాయబ్' దాని దాయాదే. గైబీ నగర్ పేరులో ఆ మాట ఉంటే మాకేం అభ్యంతరం లేదు గానీ, పేరు సార్థకం కావడానికి గల్లీల్లో మిగిలిన రావి, వేప చెట్లు కూడా ఒక్కొక్కటే గాయబ్ కానక్కర్లేదని మనవి. ఈ ఉత్తరంలో అడిగేది కూడా పెద్దదేం కాదు. ఈ ఊరు పాత సాంచెను, అంటే మరమగ్గాన్ని, ఎలా చూసుకుంటుందో, పాత చెట్టునూ అలాగే చూసుకోమని.

మనవాళ్ళు బీమండి అని పిలుచుకునే ఈ ఊరిని కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలూ, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలూ కలిసి నడిపించారు. ముంబయి మిల్లులు పాతబడ్డాయని వదిలించుకున్న సాంచెలు ఇక్కడికొచ్చి మళ్ళీ ఆడాయి. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలయ్యాక అక్కడి పని కూడా చాలావరకు ఇటే మళ్ళింది. పోగు తెగితే ముడి వేస్తారు, నాడె అరిగితే మారుస్తారు, ఇరుసుకు నూనె పోస్తారు. ఆడే సాంచెను మాత్రం తుక్కులో వేయరు. సదస్సుల్లో 'సుస్థిర జీవనం' అని ఇప్పుడు బోధిస్తున్న పాఠాన్ని ఈ ఊరు గత్యంతరం లేక ఎప్పుడో నేర్చుకుంది. చెట్టు దగ్గరికొచ్చేసరికే ఆ బుద్ధి తప్పుతోంది. మన పట్టణాల్లో గల్లీ చెట్టు అవతారం మీకు తెలియనిది కాదు. మొదలు దాకా సిమెంటు, చారెడు మట్టి కనబడదు. కాండం నిండా మేకులు, మేకులకు బోర్డులు, కొమ్మలకు కేబుల్ చుట్టలు. జూన్ 5, పర్యావరణ దినం వస్తోందంటే నడుముకు జేగురు, సున్నం పట్టీలు. ఊపిరాడనివ్వకుండా చేసి పైన బొట్టు పెట్టినట్టు.

ఒకటి కొట్టినా పది నాటుతున్నాం కదా అంటారు. చట్టం అంతకన్నా ఉదారమైనదే. 1975 నాటి మహారాష్ట్ర వృక్ష సంరక్షణ చట్టానికి 2021లో చేసిన సవరణ యాభై ఏళ్ళు నిండిన చెట్టును వారసత్వ వృక్షమంది. చెట్టును కొట్టాల్సి వస్తే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలంది. అరవై ఏళ్ళ రావికి అరవై మొక్కలన్నమాట. గోడకు గోడ ఆనుకున్న సాంచెల షెడ్ల మధ్య ఆ అరవైకి చోటెక్కడ? ఊరి బయట ఎక్కడో నాటాలి. అక్కడి నీడను టెంపోకెత్తి గైబీ నగర్‌కు పంపలేం. రేకుల కింద పన్నెండు గంటల పాళీ దిగి వచ్చినవాడు నిలబడేది ఈ గల్లీలోనే.

పొట్టకూటికి వచ్చిన ఊళ్ళో చెట్టు ముచ్చటేమిటని మరో మాట. ఏసీ ఉన్నవాడికి చెట్టు ముచ్చటే. లేనివాడికి అది అవసరం. అయితే చెట్టు పక్షాన అబద్ధం ఆడనక్కర్లేదు. రావి రాత్రిపూట కూడా ఆక్సిజన్ వదులుతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మదగ్గ మాట కాదు, దాన్ని పక్కన పెడదాం. నీడ పట్టడం, ఆకుల నుంచి నీటిని ఆవిరి చేసి చుట్టూ గాలిని చల్లబరచడం, ఈ రెండు పనులు చాలు. వెల కట్టాలంటే, సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చిన నిపుణుల సంఘం చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కవేసింది. ఆ లెక్కన మన అరవై ఏళ్ళ రావి ఖరీదు 44,70,000. ఇందులో సగానికి పైగా ఆక్సిజన్ కిందే చూపారు కాబట్టి బేరమాడి నాలుగో వంతుకు దించండి. అయినా పదకొండు లక్షలు దాటుతుంది. అంత ఖరీదైన ఆస్తి మొదట్లో ఎవరైనా సిమెంటు పోస్తారా?

ఇక వానాకాలంలో మీద పడుతుందన్న భయం. అది నిజమైన భయమే, కొట్టిపారేయలేం. కానీ కాలువకని ఒకసారి, కేబుల్‌కని ఒకసారి వేళ్ళు నరికి, మిగిలిన వేళ్ళకు నీరందకుండా మూసేశాక చెట్టు పడితే నేరమంతా గాలిమీదికి నెట్టడం న్యాయం కాదు. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు అక్కడివాళ్ళు గొడ్డలి తేలేదు. 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందెక్కించారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. ప్రమాదం నిజంగా ఉన్న కొమ్మను కోయాల్సిందే. సాంచెకు మరమ్మతు ఎలాగో చెట్టుకూ అలాగే ఉంటుందన్నదే మా వాదన.

కాబట్టి మూడు విన్నపాలు. ఐదేళ్ళకోసారి చెట్ల లెక్క తీయమని చట్టమే చెబుతోంది. గైబీ నగర్‌లో గల్లీ గల్లీ తిరిగి, యాభై దాటిన ప్రతి చెట్టుకూ ఆ లెక్కలో వయసు రాయించండి. మొదట్లో మీటరు మట్టి వదిలించండి. మేకులు పీకించండి. మిగతాది మేం చూసుకుంటాం. నీళ్ళు పోయడానికి టెండరు అక్కర్లేదు. అరవై ఏళ్ళ సాంచె మూలపడితే ఇంకోటి కొనుక్కోవచ్చు. అరవై ఏళ్ళ రావి కావాలంటే మాత్రం అరవై ఏళ్ళు ఆగాలి.

ఇట్లు,
రావి నీడకు బాకీపడ్డ పౌరుడు