జబ్బు ఎప్పటి నుంచి?

ముంబై హైవే మీద రామచంద్రాపురం దాటండి. హోర్డింగులే హోర్డింగులు. కోటు వేసుకున్న పిల్లలు, వెనక లండన్ గడియారం. 'ఒక సెమిస్టర్ విదేశాల్లో!' అని కాలేజీ ఊరిస్తుంది. హోర్డింగు కింద రసాయన ట్యాంకర్లు. ట్యాంకర్ల వెనక ముక్కు మూసుకున్న జనం. ఫొటోకు వాసన ఉండదు కదా, బతికిపోయారు.

పటాన్‌చెరు పక్క ఇస్నాపూర్ పిల్ల ఒకతె అనుకుందాం. ఇరవై ఏళ్లు. బీటెక్ మూడో సంవత్సరం. మార్కులున్నాయి, పాస్‌పోర్టు ఉంది, నాన్న తెచ్చిన అప్పుంది. దమ్ము కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ పుస్తకాల సంచీలో ఇన్‌హేలర్ ఉండాల్సిందే. జనవరిలో అమెరికా పోవాలి. గడ్డకట్టే చలి, తలుపులు బిగించిన గది, రోజంతా హీటరు. దమ్మున్న పిల్లకు ఇదెంత పరీక్షో ఎవరైనా చెప్పారా?

ఓరియెంటేషన్ అయితే ఘనంగా పెట్టారు. ఫోర్కు ఏ చేత్తో పట్టాలో నేర్పారు. ప్రొఫెసరుకు ఈమెయిల్ ఎలా రాయాలో నేర్పారు. అర్ధరాత్రి ఊపిరాడకపోతే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. అక్కడ 108 రాదు మహాశయా, 911 కొట్టాలి. ఆ మూడంకెలకు మీ స్లైడులో జాగా లేకపోయిందా?

కన్సల్టెన్సీ వాడు ఇంకో ఘనుడు. "దమ్ము గిమ్ము అని బీమా ఫారంలో ఎక్కడా రాయకు బిడ్డా, లేనిపోని లొల్లి" అంటాడు. జబ్బు దాచి కొన్న పాలసీ క్లెయిమ్ రోజున చిత్తుకాగితమని వాడికి తెలుసు. ఆ రోజు తను ఫోనెత్తనని కూడా తెలుసు. పోనీ, నిజమే రాస్తే? ఇక్కడ అమ్మే ట్రావెల్ పాలసీలు చాలావాటికి పాత జబ్బంటే గిట్టదు. మరీ ప్రాణం మీదికొస్తే చూస్తాయట, అదీ షరతులతో. చావు అంచుదాకా వెళ్లి రసీదు తేవాలన్నమాట! అక్కడి యూనివర్సిటీల బీమాల్లో పాత జబ్బుకు చోటుండేవి ఉన్నాయి, ఖరీదు ఎక్కువైనా. ఆ ముక్క చెబితే వీడి కమీషన్ ఎవరిస్తారు?

మందుల లెక్క చూడండి. సెమిస్టరు నాలుగు నెలలు. వెంట తీసుకెళ్లే మందులు సాధారణంగా మూడు నెలలకు మించకూడదంటుంది అమెరికా ఎఫ్‌డీఏ. నాలుగో నెల ఊపిరి వాయిదా వేసుకోవాలా? జపాన్‌కైతే, చీటీ మీద కొన్న మందులు నెలకు మించితే ముందే అనుమతి పత్రం కావాలి. బ్రిటన్‌కు ఆరు నెలల లోపు వెళ్లేవారికి హెల్త్ సర్‌ఛార్జీ లేదు. గంతులేయకండి. ఎమర్జెన్సీ గది దాటి వార్డులోకి వెళ్తే బిల్లు పడుతుంది. ఇక మన సాల్బుటమాల్‌ను అమెరికాలో ఆల్బుటెరాల్ అంటారు. కాబట్టి జబ్బు పేరు, మందు అసలు పేరు, మోతాదు టైపు చేసిన డాక్టరు ఉత్తరం కావాలి. మన డాక్టరుగారి రాత ఆ సందులోని మెడికల్ షాపుకే అర్థమవుతుంది. సూట్‌కేసులో ఆవకాయ తూకం మూడుసార్లు చూసే ఇంట్లోవాళ్లకు ఈ ఉత్తరం సంగతి విమానాశ్రయంలో గుర్తొస్తుంది.

అన్నిటికన్నా ముచ్చటైనది బీమా ఫారంలోని ప్రశ్న. 'ఈ జబ్బు ఎప్పటి నుంచి ఉంది?'

రాయి బిడ్డా, వివరంగా రాయి. నువ్వు పుట్టకముందే, 1990లో, పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారు. నీకు రెండేళ్లప్పుడు, 2007లో, స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఇక్కడి మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్ల లెక్క బయటపెట్టింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ యాంటీబయాటిక్! మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక సంగతి ఇది. అలర్జీకి వాడే సెటిరిజిన్ కూడా ఆ నీళ్లలో దొరికింది. ఆ నీళ్లు చేరే నక్కవాగుకు తుమ్ములొస్తాయని కాబోలు. ఆ తర్వాత పైపులైన్ వేసి ఆ నీళ్లను మూసీ ఒడ్డునున్న అంబర్‌పేటకు పంపారు. నక్కవాగు గోడు మూసీకి బదిలీ అయింది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో ఎక్కించింది. అప్పటికి నీకు నాలుగేళ్లు. 2017లో హరిత ట్రిబ్యునల్ ఆ కేసులో తీర్పు చెప్పింది. నీకు పన్నెండు, కేసుకు ఇరవై ఏడు. 2020 జనవరిలో కేంద్రం మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పరిమితులు లేవు! ఎవరికి ఊపిరాడలేదో పాపం.

నీ దమ్ముకు ఈ ఫ్యాక్టరీల పొగే కారణమని నేననడం లేదు. రుజువు కావాలంటారు. ఊరూరా పిల్లల ఊపిరితిత్తులు పరీక్షించి, ఏటేటా లెక్కకట్టి, ఆ రుజువు తేవాల్సింది ఎవరు? కాజిపల్లిలో, బొంతపల్లిలో నడిరాత్రి ఘాటు వాసనకు లేచి కిటికీలు మూసుకునే తల్లులా? ఫిర్యాదు రాత్రి చేస్తే తెల్లారి జీపు దిగి గాలి పీల్చి 'ఏం లేదే' అనే సార్లా?

ఇక ప్రయాణానికి ముందు కాలేజీ ఒక కాగితం ఇస్తుంది. 'విదేశంలో ఏ అనారోగ్యం కలిగినా పూర్తి బాధ్యత మాదే' అని స్టాంపు పేపరు మీద నాన్న సంతకం చేయాలి. భలే కాగితం. వెయ్యి జిరాక్సులు తీయించండి. ఒక్క వాక్యం మార్చి ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా పెట్టండి: 'చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి ఊపిరాడకపోయినా పూర్తి బాధ్యత మాదే.' పెన్ను నేను కొనిస్తా. సంతకానికి ముందు ఎవరొస్తారు? యజమానా, అనుమతిచ్చిన అధికారా, రిబ్బను కత్తిరించిన మంత్రా?