ఊరెళ్లే ముందు వినకూడని సలహాలు

సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు వారంలో తిరిగొస్తారు. హైదరాబాద్‌లో షేక్‌పేట, ఫిల్మ్‌నగర్ వైపు ఇంకో రకం ప్రయాణాలు ఎక్కువ. కూతురి పురిటికని అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు ఆర్నెల్లు అక్కడే ఉండిపోతారు. సినిమా అవుట్‌డోర్ షెడ్యూల్ పడితే కెమెరా, లైటింగ్, కాస్ట్యూమ్స్ వాళ్లు నెల దాటితే గానీ ఇంటి ముఖం చూడరు. ఇలా బయల్దేరేవాళ్లకు బంధువులు, పక్క ఫ్లాటువాళ్లు ప్రేమగా బోలెడన్ని సలహాలు చెబుతారు. వాటిలో చాలావరకు దొంగకే పనికొస్తాయి. ఎవరు చెప్పినా సరే, ఈ కింది మాటలు వినకండి.

అన్నిటికంటే ముందు వినిపించేది "గేటుకు పెద్ద తాళం వెయ్యండి" అనే మాట. గుప్పెడంత తాళం కప్ప గేటుకు వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని రోడ్డున పోయే ప్రతివాడికీ తెలిసిపోతుంది. పగలు వీధులన్నీ తిరిగి ఇళ్లు చూసిపోయి, రాత్రికి వచ్చేవాళ్లకు కావలసింది ఆ ఒక్క సమాచారమే. పైగా వాళ్లు తాళం జోలికి పోరు. ఇనుప రాడ్డు పెట్టి గొళ్లెం పెకలిస్తారు. తాళం ఎంత ఖరీదైనదైనా గొళ్లెంతో పాటే ఊడి వస్తుంది. తలుపులోనే ఇమిడిపోయే సెంట్రల్ లాక్ పెట్టించుకోండి. గేటుకు తాళం వేయక తప్పకపోతే లోపలివైపు వేయండి.

ముందు తలుపు గురించి ఇంత ఆలోచించేవాళ్లు వెనక బాల్కనీని మరిచిపోతారు. 2025 మార్చిలో ఫిల్మ్‌నగర్‌లోని నటుడు విష్వక్ సేన్ ఇంట్లో దొంగతనం జరిగింది. తెల్లవారుజామున బైకు మీద వచ్చిన వ్యక్తి నేరుగా మూడో అంతస్తుకు వెళ్లి, బాల్కనీవైపు తలుపు గుండా లోపలికి దూరి, ఇరవై నిమిషాల్లో నగలతో బయటపడ్డాడు. కుటుంబం ఊళ్లోనే ఉండగా జరిగిన సంగతి ఇది. ఆర్నెల్లు ఖాళీగా ఉండే ఇంట్లో బాల్కనీ తలుపు, బాత్రూం వెంటిలేటర్, డాబా మీది మెట్ల గది తలుపు ఎంత గట్టిగా ఉండాలో దీన్నిబట్టి ఆలోచించండి. పిట్టగోడకు ఆనించి వదిలేసిన నిచ్చెనను ఇంట్లో పడేయడం మరిచిపోకండి.

"కరెంటు మెయిన్ ఆపేసి వెళ్లండి, బిల్లు కలిసొస్తుంది" అనేది ఇంకో సలహా. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే. వేలు పోసి పెట్టించుకున్న సీసీ కెమెరాలు, రౌటర్, రికార్డింగ్ పెట్టె మెయిన్ దించగానే చచ్చిపోతాయి. ఇన్వర్టర్ ఉన్నా కొన్ని గంటలే. గీజర్, ఏసీ, మోటారు ఎంసీబీలు ఒక్కొక్కటిగా దించండి. గ్యాస్ రెగ్యులేటర్ తీసెయ్యండి. కెమెరా లైను మాత్రం వదిలెయ్యండి. దీనికి సరిగ్గా తిరగేసి, వరండా లైటు రాత్రింబవళ్లు వెలగనివ్వమనేవాళ్లూ ఉన్నారు. మిట్టమధ్యాహ్నం వెలిగే లైటు ఇల్లు ఖాళీ అని చెప్పేస్తుంది. చీకటి పడ్డాక వెలిగి, పొద్దున ఆరిపోయే టైమర్ ప్లగ్గులు మామూలు ఎలక్ట్రికల్ షాపుల్లోనే దొరుకుతాయి.

కెమెరాలు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండమనడం కూడా పొరపాటే. కెమెరా దొంగను పట్టిస్తుంది, ఆపదు. మహారాష్ట్రలో పావనా డ్యామ్ దగ్గర నటి సంగీతా బిజలానీకి ఒక ఫామ్‌హౌస్ ఉంది. తండ్రి ఆరోగ్యం బాగోక ఆమె నెలల తరబడి అటు వెళ్లలేదు. 2025 జులైలో వెళ్లి చూస్తే తలుపులు, కిటికీ గ్రిల్లు విరిచేసి ఉన్నాయి. సామాను కొంత పోయింది, మిగిలింది ధ్వంసమైంది, సీసీ కెమెరాలను కూడా దొంగలు వదల్లేదు. కాబట్టి కదలిక కనిపిస్తే వెంటనే ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా పెట్టించుకోండి. అమెరికాలో మీరు నిద్రపోయే వేళకు ఇక్కడ పగలు కాబట్టి, ఆ అలర్ట్ హైదరాబాద్‌లో ఉన్న మరొకరి ఫోన్‌కూ వెళ్లాలి. రికార్డింగ్ పెట్టె టీవీ కింద పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు.

"వాచ్‌మన్‌కు తాళంచెవులిచ్చి, ఎప్పుడొస్తామో చెప్పి వెళ్లండి" అంటారు. వాచ్‌మన్లందరినీ అనుమానించమని నేను అనను. ఎండా వానా చూడకుండా మన గేటు కాసేది వాళ్లే. కానీ ఆధార్ చూడకుండా, పోలీసు వెరిఫికేషన్ చేయించకుండా పనిలో పెట్టుకున్న మనిషికి ఇల్లు అప్పజెప్పడం వేరు. 2023 జులైలో సికింద్రాబాద్ సింధీ కాలనీలో ఒక వ్యాపారి కుటుంబం ఊరెళ్లినప్పుడు కోట్ల విలువైన సొత్తు పోయింది. కాపలా ఉన్నవాళ్లే ఆ పని చేశారని పోలీసులు తేల్చారు. తాళంచెవి రక్తసంబంధీకులకో, ఏళ్ల తరబడి తెలిసిన స్నేహితులకో ఇవ్వండి. చెప్పుల స్టాండు, పూలకుండీ, మీటరు పెట్టె... ఇవన్నీ తాళంచెవి కోసం దొంగ ముందు వెతికే చోట్లు.

బంగారం బియ్యం డబ్బాలో, దేవుడి గదిలో, అటక మీద దాచమని పెద్దవాళ్లు చెబుతారు. బీరువా అయ్యాక దొంగ చూసేవి అవే. బ్యాంకు లాకరే మేలు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటి కారణాలతో లాకర్‌లోని సొత్తు పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకుదే బాధ్యత. మూడు వేలు అద్దె కడుతుంటే మూడు లక్షలన్నమాట. నగల విలువ అంతకు మించితే విడిగా బీమా తీసుకోండి. ఇల్లు 30 రోజులు దాటి ఖాళీగా ఉంటే దొంగతనం క్లెయిము ఇవ్వబోమనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. విమానం ఎక్కకముందే చదువుకోండి.

పాలు, పేపరు ఆపించడం అందరికీ గుర్తుంటుంది. గుమ్మం ముందు ముగ్గు ఎవరికీ గుర్తుండదు. పది రోజులు నీళ్లు చల్లని వాకిలి, గేటుకు గుచ్చిన కరపత్రాలు, ఎండిన తులసికోట చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. పనిమనిషికి జీతం ఆపకుండా వాకిలి మాత్రం రోజూ ఊడ్చి ముగ్గు వేయమనండి. ఆ కాస్త ఖర్చుకు వెనకాడకండి. శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ఫోటోలు మాత్రం తిరిగొచ్చాకే సోషల్ మీడియాలో పెట్టండి.

"పోలీసులకు చెబితే లేనిపోని తలనొప్పి" అనే సలహా అన్నిటికంటే పెద్ద తప్పు. మీ ఇల్లు ఏ ఠాణా కిందికి వస్తుందో కనుక్కుని, చిరునామా, వెళ్లే తేదీ, ఇక్కడి మనిషి ఫోన్ నంబరు రాసివ్వండి. గస్తీ తిరిగేవాళ్లు ఆ ఇంటిమీద ఓ కన్నేసి ఉంచగలుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లున్నవాళ్లకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. అడిగితే తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టి కంట్రోల్ రూం నుంచి గమనిస్తారు.

ఇంత చేసినా, తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే "ముందు లోపలికి వెళ్లి ఏం పోయిందో చూడు" అని పక్కవాళ్లు తొందరపెడతారు. వెళ్లకండి. బీరువా ముట్టుకుంటే వేలిముద్రలు చెరిగిపోయి క్లూస్ టీంకు ఏమీ దొరకదు. గేటు బయటే నిలబడి 112కు ఫోన్ చేయండి.