కింది నుంచి పైకి

తపతి నది సముద్రంలో కలిసేచోట ఉంది హజీరా. క్రిభ్‌కో యూరియా కర్మాగారం, ఉక్కు ఫ్యాక్టరీ, ఎల్‌ఎన్‌జీ టెర్మినల్, ఓడరేవు అన్నీ అక్కడే. అక్కడ ఒక కాంట్రాక్టు పనిలో శ్రీకాకుళం కుర్రాడు సైట్ ఇంజనీరు. అతని కింద మనవైపు రిగ్గర్లు, ఒడిశా వెల్డర్లు, ఉత్తరాది హెల్పర్లు. రోజూ పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో జాగ్రత్తలు చెప్పి "అర్థమైందా?" అనడిగితే అందరూ తలూపేవాళ్లు. ఆ తలూపుల్లో అర్థమైనవెన్నో, భయంతో ఊపినవెన్నో తేలక బాధపడేవాడు.

అందుకే ఆర్గనైజేషనల్ కమ్యూనికేషన్‌లో సర్టిఫికెట్ కోర్సులో చేరాడు. షిఫ్టు దిగాక రాత్రిళ్లు చదివేవాడు. ఆఫీసుల్లో చెవుల మీదుగా పాకే మాటల గురించి కీత్ డేవిస్ 1953లోనే రాశాడని తెలుసుకున్నాడు. చాలెంజర్ అంతరిక్ష నౌక పాఠం మాత్రం అతన్ని నిద్రపోనివ్వలేదు. ఇంత చలిలో రబ్బరు సీళ్లు పనిచేయకపోవచ్చు, ప్రయోగం ఆపమని ముందురోజు రాత్రే ఇంజనీర్లు మొత్తుకున్నారు. ఆ మాట ఆఖరి నిర్ణయం తీసుకునేవాళ్ల దాకా వెళ్లలేదు. 1986 జనవరి 28న, ఎగిరిన 73 సెకన్లకే నౌక ముక్కలైంది, ఏడుగురి ప్రాణాలు పోయాయి.

పై మాట కిందికి దిగడానికి ఒక మైకు చాలు. కింది మాట పైకెక్కాలంటే దారి వేయాలి. పని చేసే ప్రతిచోటా ఆ దారి ఉండి తీరాలి.

అతను ఆ దారి వేశాడు. క్యాంటీన్ గోడకు ఒక పెట్టె కొట్టించాడు. ఏ భాషలోనైనా రాయొచ్చు, పేరు పెట్టక్కర్లేదు అని తెలుగు, హిందీ, ఒడియాల్లో పైన రాయించాడు. ప్రతి శనివారం లేబర్ మేస్త్రీ వచ్చి, "ఏమీ లేవు సార్, మనోళ్లకి ఏ కష్టమూ లేదు" అని చెప్పి వెళ్లేవాడు. కోర్సు ప్రాజెక్టు రిపోర్టులో కుర్రాడు అదే రాశాడు: దారి తెరిచాం, ఫిర్యాదులు రాలేదు, సిబ్బంది తృప్తిగా ఉన్నారు. 'ఎ' గ్రేడు వచ్చింది. పై ఆఫీసు వాళ్లు సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, పెట్టె పక్కనే తగిలించారు.

ఆ సాయంత్రం టీ కుర్రాడు గ్లాసు బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. గ్లాసు కింద మడతపెట్టిన చీటీ ఉంది.

"బాబూ, క్రేను స్లింగు తీగలు తెగిపోతన్నాయని మూడుసార్లు రాసి పెట్టిలో ఏసినాం. మీరేం అనలేదు. రేపు పొద్దున ఎత్తేది 30 టన్నులు. ఆ స్లింగులు అద్దెకి తెచ్చింది మేస్త్రీ. పెట్టి తాళం కూడా ఆయన కాడే ఉంది."