కోట సారు, క్యూఆర్ కోడు

ఆదోనిలో కోట చూడ్డానికి వచ్చినవాళ్లకు రణమండల కొండ కిందనో, షాహీ జామియా మసీదు ముందరో ఒక రిటైర్డు సారు తగులుకుంటాడు. ఆయనకు జీతం లేదు, బిళ్ల లేదు. చేతిలో గొడుగు, నోట్లో ఆ మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్. అలాంటాయన చేతికి ఫోనిచ్చి, ఇకమీదట దీంతో చూపించండి సార్ అంటే ముఖం చిట్లిస్తాడు. వయసైపోయింది, ఇప్పుడేం నేర్చుకుంటాడులే అని చుట్టుపక్కల తీర్పు. ఆ తీర్పు తప్పు. మనిషి కొత్త సాధనాన్ని ఒప్పుకోవాలంటే అది పనికొస్తుందనీ, వాడటం సులువనీ నమ్మకం కుదరాలన్నాడు ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు, 1989లో. మన సారు లెక్కలో మూడోది కూడా ఉంది. అది తన మాటకు సాక్ష్యం చెప్పాలి! టిప్పు సుల్తాన్ ఆదోనిని పట్టుకున్నది 1786లో అని ఆయనంటే, కుర్రాడు అనుమానంగా ఫోన్లో వెతుకుతాడు. ఫోనూ అదే అంటే అంత బుద్ధిమంతురాలు లోకంలో లేదు. వేరే అంకె చూపిందా, "ఇందుకేనప్పా దీన్ని నమ్మొద్దనేది!"

చూపు ఆనకపోవడం, వేలు వణకడం అబద్ధాలా అని అడగొచ్చు. నిజాలే. కానీ అవే కళ్లు, అదే వేలు తెల్లారకముందే వాట్సాప్‌లో ఊరందరికీ శుభోదయం పంపుతున్నాయి. పనికొచ్చే చోటు కనబడాలంతే. పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో అశోకుని శాసనం ఒకటుంది. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అరిగిన బండ మీద గొడుగు కొనతో ఎంత చూపించినా అది పిల్లల కంటికి ఆనదు. ఫోటో పెద్దది చేసి వేలితో ఇటు, అటు అని గీసి చూపే వీలు దొరికితే, పిల్లాడి ఫోను వాడికి తిరిగి దక్కడం కష్టం.

క్యూఆర్ కోడు అతికిస్తే చాలదా, ఈయనెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేదని ఆ కోడు చెబుతుంది. మా అవ్వకు కన్నడం వచ్చేది అందుకేనా అని పిల్లవాడు అడిగితే మాత్రం అది నోరెత్తదు. సారు ఎత్తుతాడు. ఎత్తాక దించడనేది వేరే సంగతి.

కాబట్టి శిక్షణ ఇచ్చేవాళ్లు బటన్లతో మొదలుపెట్టొద్దు. తెలుగు వికీపీడియాలో తప్పును ఎవరైనా దిద్దొచ్చని చెప్పి, ఆదోని వ్యాసం తెరిచి ముందు పెట్టండి. మర్నాటి నుంచి ఛార్జరు కోసం మనవడితో కొట్లాటకు దిగేది ఆయనే.