కంటికి త్రీఫేజు

మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, పట్టీ డబ్బులు చేతికొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా చిలకలూరిపేట వైపు ఊళ్లకు ఆప్తులు ఎక్కువవుతారు. చీటీల వాళ్లు, ప్లాట్ల వాళ్లు, పెళ్లి సంబంధాల వాళ్లు. ఈసారి ఆ వరసలో కంటికి కరెంటు పెట్టే వాళ్లు కూడా చేరారు.

మా బావమరిది కొడుక్కి ఇరవై రెండేళ్లు. పొద్దు గూకితే గడప దాటడు. చిన్నప్పుడు రేచీకటన్నారు. మునగాకు, క్యారెట్లు, పొట్టేలు కార్జం మూడేళ్లపాటు పెట్టారు. ఎ విటమిన్ లోపంతో వచ్చే రేచీకటైతే ఆ విటమిన్ డోసుకు రోజుల్లోనే లొంగుతుంది. వాడిది లొంగలేదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలింది, డాక్టర్ల నోట ఆర్పీ. మసక వెలుతుర్లో చూపునిచ్చే కణాలు ముందు చచ్చిపోతాయి. తర్వాత చూపు అంచుల నుంచి తరిగిపోతూ వచ్చి, ఆఖరికి బోరు పైపులోంచి చూసినంత మేర మిగులుతుంది. తప్పు జన్యువుల్లో ఉంది. కారణమయ్యే జన్యువులు ఇప్పటికే ఎనభైకి పైగా తెలిశాయి. మా బావమరిది చేసుకున్నది వాళ్ల పెద్దక్క కూతుర్ని. మేనరికంలో ఒకే లోపం అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చి బిడ్డ దగ్గర కలుసుకునే అవకాశం ఎక్కువ. (ఆ ఇంటి చిన్నక్కను చేసుకున్నవాణ్ణి కాబట్టి పెళ్లినాడు భోజనం చేసి వచ్చానే గానీ ఈ మాట చెప్పలేదు.)

‘బావా, జర్మనీ మెషీనంట. వారానికి అరగంట కంటికి కరెంటు పెడతారంట. జబ్బు ఎక్కడిదక్కడ ఆగిపోద్దంట’ అని మా బావమరిది ఫోను చేశాడు. మూడు ‘అంట’ల మాట మీద ఎకరం మిర్చి రాబడి రాసిచ్చేట్టున్నాడు. 2004 నుంచి పొలానికి కరెంటు ఉచితం. కంటికి మాత్రం మైక్రో ఆంపియర్ల లెక్కన బిల్లు.

మెషీనున్న మాట అబద్ధం కాదు. కళ్లద్దాల ఫ్రేములాంటిది పెట్టి, దారమంత ఎలక్ట్రోడును కనుగుడ్డుకు ఆనించి, సన్నటి కరెంటు పంపుతారు. యూరప్‌లో అమ్ముకోవడానికి దానికి సీఈ ముద్ర ఉంది. ఆ ముద్ర చూపు తెస్తామన్న పూచీకత్తు కాదు, బస్తా మీద కంపెనీ పేరు లోపలి తాలుకాయకు పూచీ కానట్టే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కరెంటు తగిలిన రెటీనా కణాలు కొంచెం ఎక్కువ కాలం బతికాయి. ఆ ఆశతోనే ట్యూబింగెన్ డాక్టర్లు మనుషుల మీద చూశారు. 24 మందితో ఆరు వారాలు చేసి 2011లో అచ్చువేసిన ఫలితంలో కొంత ఊరట కనిపించింది. సరే, పెద్దగా చేద్దామని 52 మందితో ఏడాదిపాటు చేసి 2017లో ఫలితం చెప్పారు. రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్జీ పరీక్షలో ఒకానొక అంకె మెరుగుపడింది. దృష్టి క్షేత్రంలో మాత్రం ఉత్తుత్తి కరెంటు పెట్టించుకున్న వాళ్లకూ వీళ్లకూ లెక్కకొచ్చే తేడా రాలేదు. వాళ్లు ఉన్నది ఉన్నట్టు రాశారు, వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఆ కాగితం జర్మనీ నుంచి మా ఊరి వాట్సాప్‌కు వచ్చేలోపు దారిలో ‘లేదు’ అన్న మాట ఎక్కడో రాలిపోయింది.

కొత్త వైద్యమని చెప్పడం ఇంకో ముచ్చట. షార్ల్ లెరువా అనే ఫ్రెంచి వైద్యుడు 1755లోనే ఒక గుడ్డి కుర్రాడి తలకు తీగ చుట్టి, లేడెన్ జాడీలోని కరెంటు వదిలాడు. కుర్రాడికి మంటలు కనిపించాయి. చూపు రాలేదు. కంటికి కరెంటు తగిలితే మెరుపులు కనపడటం కంటి నైజం. ఈ మెషీను మోతాదు నిర్ణయించేదీ ఆ మెరుపు ఎంత కరెంటుకు మొదలవుతుందో చూసే. చీకట్లో మగ్గుతున్న వాడికి కుర్చీలో కూర్చోగానే వెలుగు కనిపిస్తే ఎంత నమ్మకం కుదురుతుందో ఆలోచించండి! కన్ను గట్టిగా నలుపుకున్నా అవే మిణుగురులు కనిపిస్తాయి. వాటికి రసీదు ఉండదు, అంతే.

అసలు కిటుకు ‘ఆగిపోద్ది’ అన్న మాటలో ఉంది. అమెరికాలో ఎలియట్ బెర్సన్ బృందం ఆర్పీ రోగుల్ని మూడేళ్లు వెంబడించి 1985లో ఒక లెక్క చెప్పింది: మిగిలిన దృష్టి క్షేత్రంలో సగటున ఏడాదికి 4.6 శాతం పోతుంది. ఆరు వారాలకు ఎంత? అర శాతం. ఒకే మనిషికి సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి ఫీల్డ్ టెస్టు చేస్తే వచ్చే తేడాయే అంతకన్నా ఎక్కువ. కరెంటు పెట్టినా, వేపమండ ఊపినా, ఊరికే కూర్చోబెట్టి మజ్జిగిచ్చినా ఆరు వారాల్లో ఆ జబ్బు కదిలినట్టు కనపడదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను నాకేసినప్పుడు మందుల షాపు వాళ్లు కొంతైనా శ్రమపడ్డారు. ‘మందు మంచిదే, నువ్వు కొట్టిన టైము తప్పు’ అని సాకు వెతుక్కున్నారు. పురుగు వారంలో నిజం చెప్పేస్తుంది గదా! ఈ కంటి షాపు వాళ్లకు ఆ యాతన కూడా లేదు. పదేళ్లకు చూపు పోతే ‘మేం పెట్టకపోతే ఐదేళ్లకే పోయేది’ అంటారు. కాదనడానికి కరెంటు పెట్టించుకోని ఇంకో మీవాడు మీ దగ్గర ఉండడు.

‘పెట్టించి చూస్తే పోయేదేముంది బావా’ అన్నాడు మావాడు. హవానా వెళ్లినవాళ్లూ అదే అనుకున్నారు. క్యూబాలో ఆర్పీకి కరెంటుతో పాటు ఓజోను కలిపిన రక్తం ఎక్కించి, కంటికి ఆపరేషను చేసేవారు. దేశదేశాల నుంచి జనం డాలర్లు పట్టుకుని వెళ్లారు. అలా వెళ్లిన పదిమంది రోగుల చూపును ముందూ, కొన్ని నెలల తర్వాతా కొలిచి బెర్సన్ 1996లో ఫలితం అచ్చువేశాడు. లాభం సున్నా. జబ్బు ఇంకాస్త ముదిరి ఉండొచ్చన్న అనుమానం కొసరు.

డబ్బు పెట్టడానికి దారులే లేవా? గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తాడిగడపలోనూ ఉంది. పెదకాకానిలో శంకర ఉంది. ఆర్పీ వాళ్లకు పైపెచ్చు శుక్లం వస్తుంది, కొందరికి రెటీనా మధ్యలో నీరు చేరుతుంది. ఆ రెంటికీ వైద్యముంది. ఏ జన్యువో పరీక్ష చేయించుకుంటే చెల్లెలి సంబంధం చూసేటప్పుడు పనికొస్తుంది. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువుకు 2017లో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ఉంది, రెండు కళ్లకూ కలిపి మొదట పెట్టిన ధర 8,50,000 డాలర్లు. అది మా యార్డులో ఏ రేటుకూ తేలే మొత్తం కాదు. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్టుకు మాత్రం ఖర్చు లేదు. చార్టులో అక్షరాలన్నీ చదివినా సరే, చూపు పరిధి పది డిగ్రీలలోపుకు కుంచించుకుపోతే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని అంధత్వమనే అంటుంది. మావాడి చేత ఆ దరఖాస్తు పెట్టించడానికి రెండేళ్లు పట్టింది. కరెంటుకు అడ్వాన్సు కట్టడానికి రెండు గంటలు చాలేట్టుంది.

అంధత్వం నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 చట్టం ప్రకారం నేరం. అందుకే కాగితం మీద ఏమీ ఉండదు, అంతా ఫోను మీదే. మావాడికొచ్చిన నెంబరుకు నేనే చేశాను. ‘అయ్యా, ఏడాది తర్వాత చూపు తగ్గితే డబ్బు వెనక్కిస్తామని రెండు ముక్కలు రాసిస్తారా?’ అన్నాను. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సార్ మీటింగులో ఉన్నారట, కనుక్కుని చేస్తానంది.

కళ్లాల్లో కాయలు ఎత్తేశారు. తాలు కూడా అమ్ముడుపోయింది. సార్ ఇంకా మీటింగులోనే ఉన్నారు.