మూత ఉన్న భయం

ఆ బంగళాకి వాస్తు లేదు. ముఖద్వారం దాటగానే పెద్ద హాలు, ఎడమ చేతివైపు భోజనాల గది, అది దాటి నడవలోకి అడుగుపెడితే అక్కడొకడు ఇంకొకడిని భోంచేస్తూ కనిపిస్తాడు. మన అలికిడికి తినడం ఆపి, తీరిగ్గా తల తిప్పి చూస్తాడు. 1996లో ప్లేస్టేషన్ కొనుక్కుని ఆ చూపుకి జడుసుకున్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. నేను జడుసుకున్నది చాలా ఏళ్ల తర్వాత, మా పడకగదిలో, దుప్పటి ముసుగులో, అరచేతిలో పట్టే డబ్బా చూసి. భయపడటంలో కూడా నేను వెనకబెంచీయే.

ఆట పేరు రెసిడెంట్ ఈవిల్. జపాన్‌లో బయోహజార్డ్ అంటారు. షింజి మికామి దర్శకుడు, క్యాప్‌కామ్ కంపెనీ నిర్మాత. దానికి పదేళ్లు నిండాయని 2006లో ఆ బంగళాని, అందులో ఉన్న పీనుగులతో సహా, నింటెండో డీఎస్ అనే ఆ అరచేతి డబ్బాలోకి దింపి డెడ్లీ సైలెన్స్ అని పేరు పెట్టారు. అంతకుముందు గేమ్‌బాయ్ కలర్‌లోకి కూడా కుక్కబోయి, 2000లో ఆ పని మానుకున్నారు. మానుకోకపోతే నా బతుకు ఇంకా ముందే బయటపడేది.

మా బావమరిది డల్లాస్ నుంచి వచ్చినప్పుడు తన పాత డీఎస్ మా అమ్మాయికిచ్చాడు. ఈ ఒక్క ఆట కార్డు మాత్రం నా చేతిలో పెట్టి, "ఇది పిల్లలు ఆడేది కాదు బావా, మీ దగ్గరుంచండి" అన్నాడు. పెద్దవాణ్ని కదా, ఉంచుకున్నాను. ఉంచుకున్నది ఏమిటో తెలుసుకోవాలి కదా. అలా మొదలైంది.

ఆరంభంలోనే మనిషిని ఎంచుకోమంటుంది. క్రిస్ అనే కండల కుర్రాడు, జిల్ అనే అమ్మాయి. క్రిస్‌కి ఒంట్లో సత్తువ ఎక్కువ, మోసేది మాత్రం ఆరు వస్తువులే. జిల్ ఎనిమిది మోస్తుంది, తాళాలు తీసే పనిముట్టు కూడా ఉంటుంది, ఆపదొస్తే బ్యారీ అనే పెద్దమనిషి తుపాకీ పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. నాకు కావలసింది సత్తువ కాదు, సాయం. జిల్ పేరు మీద లోపలికెళ్లాను. ఇంట్లో మాత్రం చాలాకాలం క్రిస్ అనే చెప్పుకున్నాను.

నడక రావడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పై మీట నొక్కితే మనిషి పైకి పోదు, తన ముఖం ఎటుంటే అటు పోతుంది. కెమెరా గది మూలల్లో బిగించినట్టుంటుంది, నాలుగడుగులు వేయగానే ఇంకో మూలకి మారుతుంది. కుడి అనుకున్నది ఎడమవుతుంది. మా ఆవిడ ఓసారి భుజం మీంచి తొంగిచూసి, "ఆ పిల్ల గోడ ఎందుకు గోకుతోందండీ?" అంది. వ్యూహం అన్నాను. అయితే ఇందులో గిరుక్కున వెనక్కి తిరిగే సదుపాయం పెట్టారు. మొదటి ఆటలో లేదు, మూడోదాంట్లో వచ్చింది, అక్కణ్నుంచి తెచ్చారు. దాన్ని ఎదురుదాడికి వాడతారట. నేను పారిపోవడానికి తప్ప వాడలేదు.

తలుపుల సంగతి చెప్పాలి. అసలు ఆటలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లేటప్పుడు తెరంతా నల్లబడి, తలుపొక్కటే కనబడుతూ కిర్రుమని తెరుచుకునేది. సీడీలోంచి అవతలి గది సరుకు ఎత్తుకోవడానికి యంత్రానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధికి తలుపు అడ్డం పెట్టారు. యంత్రం ఆలస్యం చేస్తుంటే జనం దాన్ని భయం అనుకున్నారు. ఇంత లాభసాటి ఆలస్యం నేనింకెక్కడా చూడలేదు. డీఎస్ కార్డుకి అంత వ్యవధి అక్కర్లేదు, కాబట్టి తలుపుని దాటేసే వెసులుబాటు ఇచ్చారు. నేను దాటెయ్యను. తలుపు తెరుచుకుంటున్నంతసేపూ ఎవడూ కరవడు. ఆ బంగళా మొత్తానికి నాకు నమ్మకంగా ఊపిరాడిన చోటు అదొక్కటే.

ఇక టైప్‌రైటర్. ఆడిన మేరకు భద్రం చేసుకోవాలంటే టైప్‌రైటర్ ఉన్న గది వెతుక్కోవాలి, జేబులో ఇంకు రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లు పీనాసిగా దొరుకుతాయి. ఇంటర్ సెలవుల్లో మా నాన్న నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌కి తోలుతూ, "ఇది వస్తే ఎక్కడైనా బతికేస్తావురా" అన్నారు. లోయర్ పాసయ్యాను. నేను ఉద్యోగంలో చేరేసరికి ఆఫీసులో టైప్‌రైటర్లకి గుడ్డ కప్పేశారు. నాన్న మాట చివరికి ర్యాకూన్ సిటీ శివార్లలో, ఆర్క్లే కొండల్లో నిజమైంది. కాకపోతే కొత్త తువ్వాళ్లు చుట్టాలొస్తే వాడదామని, చుట్టాలొస్తే ఇంకా పెద్ద చుట్టాలకి ఉంచుదామని బీరువాలో దాచే వంశం మాది. రిబ్బన్లు కూడా అలాగే దాచాను. దాచిన రిబ్బన్లు జేబులో ఉండగానే ఒక పెద్దపాము జిల్‌ని కాటేసింది. ఆదివారం మధ్యాహ్నమంతా గంగలో కలిసింది.

మా అమ్మకి మాత్రం ఈ ఆట మొదటి చూపులోనే నచ్చింది. జిల్ కుంటుకుంటూ వెళ్లి కుండీలో ఆకు కోసుకుని తినగానే తేరుకోవడం ఆవిడ కంటపడింది. పచ్చాకు గాయాన్ని మాన్పుతుంది, నీలం ఆకు విషానికి విరుగుడు, ఎర్రాకు ఒక్కటే తింటే దండగ, పచ్చాకుతో కలిపితే ఒళ్లు పూర్తిగా బాగవుతుంది అని వివరించాను. "వాళ్లకి తెలిసింది నీకు తెలీలేదు. నేను కషాయం ఇస్తే మొక్కలో పోస్తావు" అంది. అప్పట్నుంచి పొద్దున్నే తులసీ వామూ మరిగించిన గ్లాసు నా ముందుకొస్తోంది. తెర మీదే ఆధారం చూపించాక కాదనడానికి నోరెక్కడిది?

కుక్కల దగ్గర నా పరువు పోయింది. నిర్మానుష్యమైన నడవ, పక్కన వరసగా కిటికీలు, అడుగుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. హఠాత్తుగా అద్దం పగలగొట్టుకుని చర్మం ఊడిన కుక్క లోపలికి దూకుతుంది. ఆట చరిత్రలో బాగా పేరుపడ్డ ఘట్టం, అందరికీ తెలుసట. నాకెవరూ చెప్పలేదు. నేను పెట్టిన కేకకి మా ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది. పిక్క పట్టేసింది అన్నాను. పాపం నిద్రకళ్లతోనే ఏ కాలని అడిగింది. ఆలోచించకుండా కుడికాలు చాపాను. బామ్ రాసి, గట్టిగా నలిచి, వేడినీళ్ల సంచి కట్టి పడుకోబెట్టింది. ఆ మంటకి తెల్లారేదాకా నిద్రపట్టలేదు, కానీ నిజం చెప్పడం కంటే అదే నయం.

ఈ ఆటలో రెండు పద్ధతులున్నాయి. క్లాసిక్ అంటే పాతదాన్ని పాతదాన్లా ఉంచింది. రీబర్త్ అంటే పీనుగుల్ని పెంచి, డీఎస్ విద్యలన్నీ వాడుకున్నది. నా మట్టుకు క్లాసిక్కే అసలు సరుకు. రీబర్త్‌లో నడుస్తూ నడుస్తూ ఉండగా చూపు జిల్ కళ్లలోకి మారి, ఎదురుగా వచ్చినవాటిని స్టైలస్‌తో తెర మీద గీకి కత్తివేట్లు వెయ్యాలి. బస్సులో నేను ఆ పని చేస్తుంటే పక్క సీటాయన లేచి వెళ్లి నిలబడ్డాడు. అంతకు మించింది ఇంకోటుంది. ఒకచోట పడిపోయిన సహచరుడికి ఊపిరి పొయ్యాలి, అందుకు నిజంగానే డీఎస్ మైకులోకి ఊదాలి. అర్ధరాత్రి దుప్పట్లో ఉఫ్ ఉఫ్ మని ఊదుతున్నాను.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"ఒకతనికి ఊపిరాడటం లేదు."

"ఎవరికి? మీ ఆఫీసాయనా?"

"కాదులే, నీకు తెలీదు."

కాసేపాగి, "బతికాడా?" అంది.

"ఇంకా చూడాలి."

"పొద్దున చెప్పండి" అని అటు తిరిగి పడుకుంది. ఇన్నేళ్ల కాపురంలో నా మీద ఆమెకున్న అంచనా ఎంతో ఆ రాత్రి నాకు తెలిసింది.

ఈ బంగళాలో నవ్వుకోదగ్గవి కూడా లేకపోలేదు. పాత్రల మాటలు మన డబ్బింగ్ సినిమాలకి ఏమాత్రం తీసిపోవు. పైకప్పు దిగి నలిగిపోబోతున్న జిల్‌ని బయటికి లాగి, కొంచెంలో శాండ్‌విచ్ అయ్యేదానివని బ్యారీ చతురోక్తి విసురుతాడు. అది వినగానే నాకు ధైర్యమొస్తుంది. ఇంత తెలివితక్కువవాళ్లున్న చోట నేనూ బతగ్గలను అనిపిస్తుంది. తర్వాతి గదిదాకా ఉంటుంది ఆ ధైర్యం.

అన్నిటికంటే నాకు ఆసరా ఇచ్చింది మాత్రం మూత. డీఎస్ మూసేస్తే ఆట ఎక్కడిదక్కడ నిద్రపోతుంది. రిబ్బన్ అడగదు, టైప్‌రైటర్ అడగదు. జిల్ భుజం మీద పీనుగు పళ్లు ఆనించినా సరే, టపుక్కున మూసేసి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు. టీవీ ముందు కూర్చుని ఆడినవాళ్లకి ఈ భాగ్యం లేదు. వీరులు ఆయుధాలు చూసుకుంటారు, నేను మడతబందు చూసుకుంటాను. చిక్కల్లా ఒక్కటే. మూసినా దాని దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

మొన్న రాత్రి అదే జరిగింది. దీపం ఎర్రబడింది. లోపల జిల్ పీకల్లోతు ఆపదలో ఉంది, ఆఖరిసారి భద్రం చేసి చాలాసేపైంది. చార్జర్ హాల్లో ఉంది. హాల్లో దీపం లేదు. హాలుకీ బాల్కనీకీ మధ్య ఉన్నది నిలువెత్తు అద్దాల తలుపు, దానవతల వీధికుక్కలు. మా ఆవిణ్ణి లేపితే కాళ్లు నలుస్తుందని భయం. పక్క గదిలోకెళ్లి మా అమ్మాయిని మెల్లగా తట్టాను.

"తల్లీ, దాహంగా ఉందా? మంచినీళ్లకి వెళదామా, నేనూ తోడొస్తాను."

అది కళ్లు తెరవలేదు.

"చార్జర్ నా స్కూలు బ్యాగులో ఉంది నాన్నా. ఆ పాముకి ఎదురెళ్లకు, గదంతా చుట్టూ పరిగెత్తు."