పద్నాలుగు సెంట్ల నేరం

వీణ శ్రుతిలోనే ఉందని నా చెవి అంటుంది. లేదని ఫోను అంటుంది. ఇంట్లో మిగతా వాళ్లందరూ ఫోను పక్షం.

తీగ మీటగానే ఫోనులోని శ్రుతి చూసే యాప్ తెర మీద ముల్లు లేస్తుంది. నడిమికి వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు. నా సారణి తీగ ఎప్పుడూ ఎరుపే. మా వీణ షడ్జమం మూడు శ్రుతికి పిసరంత కింద నిలబడుతుంది. ఆ దండికీ, ఆ తీగకీ, నా గొంతుకీ అక్కడే హాయి. యాప్‌కి ఆ హాయితో పని లేదు. దానికి తెలిసిన లోకంలో ‘ఎ’ అనే స్వరం సెకనుకు 440 సార్లు కంపించాలి, మిగతా పదకొండూ దాని లెక్క ప్రకారం వరసలో నిలబడాలి. గాంధారం తప్పంటే పడతాను, నిషాదం తప్పన్నా పడతాను. ఇది ఏకంగా షడ్జమమే తప్పంటుందండీ! నా షడ్జమం నేనెక్కడ పెట్టుకుంటే అక్కడుంటుంది. త్యాగరాజస్వామిని “మీ ‘ఎ’ ఎంత?” అని ఎవరైనా అడిగారా?

“సెట్టింగుల్లో మార్చుకోవచ్చుగా” అన్నారు మా వారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మార్చాను. షడ్జమానికి క్షమాభిక్ష దొరికింది. వెంటనే గాంధారం మీద కేసు పెట్టింది.

తంబురా నిదానంగా మీటుతూ వింటే మంద్ర షడ్జమం తీగలోంచి అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. ఎవరూ మీటని స్వరం అది. లెక్క కడితే షడ్జమానికి 386 సెంట్ల పైన ఉంటుంది. దానితో గొంతు కలిపి పాడాను. పద్నాలుగు సెంట్లు తక్కువంది యాప్. దాని గాంధారం 400 దగ్గర కూర్చుని ఉంది మరి.

“పద్నాలుగు సెంట్లా? హైదరాబాదులో అంత జాగా ఉంటే ఇల్లు కట్టి, పెరడు కూడా వదలొచ్చు” అన్నారు మా వారు. ఆయన సంగీత జ్ఞానం అంతవరకే.

ఈ సెంట్ల కొలత తెచ్చినవాడు అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన. స్థాయిని 1200 ముక్కలు చేశాడు. దేశదేశాల వాద్యాలను వాటితో కొలిచి, స్వరాల మెట్లు లోకమంతా ఒక్కటి కావనీ, ప్రకృతి ఒకే కొలత ఇచ్చి పంపలేదనీ 1885లో రాశాడు. అంటే ఎవరి గాంధారం వారిదని చాటడానికి పుట్టిన కొలబద్దతో ఇప్పుడు నా గాంధారం నాది కాదని నిరూపిస్తున్నారు. ఆ పెద్దమనిషి ఆత్మ ఎక్కడున్నా నాకు ఓటు వేస్తుంది.

స్థాయికి పన్నెండే గదులన్న ఈ పేచీ పాతదే. హార్మోనియం దీనివల్లే ఆకాశవాణి నుంచి వెలి అయింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య దానికి దారి లేదు, గమకం పలకదు, మన శ్రుతులకు సరిపడదు అని 1940లో గెంటేశారు. 1971లో కొంత తలుపు తెరిచేదాకా పాపం బయటే. అయితే దానికి మన పల్లెల్లో తిండికి లోటు రాలేదు. పద్యనాటకం ఉందిగా! స్టేజీ పక్కన కాళ్లతో తొక్కే హార్మోనియం, దాని వెనక కండువా వేసుకున్న హార్మోనిస్టు. కృష్ణుడు రాయబారానికి వచ్చి పద్యం ఎత్తుకుంటాడు. చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తాడు. హార్మోనిస్టు వెనకాలే వెళ్తాడు. కృష్ణుడు పైకి పోతాడు, ఈయనా పోతాడు. కృష్ణుడు ఊపిరి పీల్చుకునే సందు చూసి ఈయన ఒక సంగతి ఎక్కువ వేస్తాడు. కృష్ణుడికి రోషం వస్తుంది. రాయబారం, సంధి, అయిదూళ్లు అన్నీ మరిచిపోయి హార్మోనియం మీద యుద్ధం ప్రకటిస్తాడు. దుర్యోధనుడు సింహాసనం మీద కూర్చుని మీసం సవరించుకుంటూ, కిరీటం సర్దుకుంటూ, ఇక సవరించుకోవడానికి ఏమీ లేక జనంలో తెలిసినవాళ్లకు కళ్లతోనే నమస్కారాలు పెడుతుంటాడు. జనం “వన్స్ మోర్” అంటారు. మళ్లీ మొదలు. కాటి సీను సంగతి చెప్పనే అక్కర్లేదు. హరిశ్చంద్రుడి రాగం తెమిలేసరికి, చచ్చిపడి ఉన్న లోహితాస్యుడు నిజంగానే నిద్రపోయి, చంద్రమతి ఎంత గుండెలు బాదుకున్నా కదలక, తెర పడ్డాక ఎవరో భుజాన వేసుకుని ఇంటికి చేర్చేవారు. తెల్లారేదాకా అంత రాగం నడిచినా, అందులో పద్నాలుగు సెంట్లు తగ్గాయని ఏ ఊళ్లోనూ ఎవరూ టికెట్టు డబ్బులు వాపసు అడగలేదు. ఎందుకంటే మెట్టు దగ్గర తగ్గిన దాన్ని గొంతు పూడ్చేది. హార్మోనియం తన లోపం తెలిసిన వాద్యం, గాయకుడి వెనక నడిచేది. ఈ యాప్ అదే లోపంతో పుట్టి, న్యాయమూర్తి కుర్చీలో కూర్చుంది.

మా అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. “అమ్మా, నువ్వు గిటారు వాళ్ల యాప్ వాడుతున్నావు. నీలాంటి వాళ్ల కోసం స్కాలా అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వేల కొద్దీ స్కేళ్లు ఉంటాయి. నీకు కావలసింది ఎంచుకో, అంతే.”

అంతే! వెదికితే మన ఇరవై రెండు శ్రుతుల పట్టికలే అందులో ఒకదానితో ఒకటి పడనివి ఎన్నో ఉన్నాయి. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసి, వీణ మెట్లు ఎక్కడుండాలో చెప్పినప్పటి నుంచీ పండితుల మధ్య తేలని తగవును, శనివారం పూట పప్పు పొయ్యి మీద పెట్టి నేను తేల్చాలట. పోనీ తేల్చాననుకోండి, నా వీణ ఒప్పుకోవద్దూ? ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చున్నాయి. ఒకే మెట్టు సారణి మీద ఒక స్వరం, పంచమం తీగ మీద ఇంకో స్వరం పలకాలి. మేళం కట్టినాయన ఇద్దరికీ నచ్చజెప్పి, ఎక్కడో మధ్యలో రాజీ కుదిర్చి వెళ్లాడు. మిగిలిన తేడా నా వేలు తీగ లాగి తీర్చుకోవాలి.

చివరి పరీక్షగా తోడి వాయించాను. తోడి గాంధారం ఒకచోట నిలిచేది కాదు, రిషభం నుంచీ మధ్యమం దాకా ఊగుతూనే గాంధారం అనిపించుకుంటుంది. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది. ముగ్గురి పేర్లు చెప్పింది. ఆఖరికి చుట్టుపక్కల చప్పుడు ఎక్కువగా ఉంది, నిశ్శబ్దమైన గదిలోకి వెళ్లమంది. ఆ చప్పుడు నా తోడి.

ఎవరైనా సలహా అడిగితే ఇదే చెబుతున్నాను. మార్కులు వేసే యంత్రం కొనకండి, ఆధారం ఇచ్చేది కొనండి. ఎలక్ట్రానిక్ తంబురా చాలు. షడ్జమాన్ని మనకు నచ్చినచోటికి సన్నగా జరుపుకునే మీట దానికి ఉందో లేదో చూసుకోండి. అది స, ప అంటూ తన పని చేసుకుంటుంది, మన పని మనకు వదిలేస్తుంది. నేనూ అదే కొన్నాను.

చిన్నప్పుడు నేను తీగలు సవరిస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి “పంచమం దిగిందే” అని కేకేసేది. ఆవిడ ఏనాడూ సంగీతం నేర్చుకోలేదు, వినీ వినీ చెవికి పట్టిందంతే. పోపు మాడినట్టే శ్రుతి తప్పినా ఆవిడకు తెలిసిపోయేది. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా పంచమం పాతాళానికి దిగినా ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు, పచ్చ లైటు వెలిగిందా అని మాత్రం అడుగుతారు. వాళ్లననేం లాభం? తంబురా కొన్నా ఫోను పక్కనే ఉంటోంది. ఈ మధ్య ఎరుపు చూశాకే నాకూ తీగ అపశ్రుతిగా వినిపిస్తోంది.